ఎనభై మూడున్నర మార్కుల కుర్చీ

పోయిన నెల బాపట్ల స్టేషన్లో తెనాలి బండి కోసం కూర్చున్నప్పుడు, ఎదురుగా గోడ పక్కన రెండు నల్ల కుర్చీలు కనిపించాయి. ఒళ్ళు పట్టే కుర్చీలు. ఫోన్‌తో డబ్బు కడితే కాసేపు పడతాయట. ఒకదానిలో ఒక పెద్దమనిషి కళ్ళు మూసుకుని, చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని తలాడిస్తున్నాడు. ఆ తలాడించడం ఆయన చేస్తున్నది కాదు, కుర్చీ చేయిస్తున్నది. ఆయన భార్య కాబోలు, పక్కన నిలబడి ఆయన చెప్పులకి కాపలా కాస్తోంది. ఆవిడ నిలబడ్డ తీరు చూసేసరికి నాకు మా మాస్టారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది దాటింది. లేచి వెళ్ళి, "పక్కది ఖాళీగానే ఉంది, మీరూ కూర్చోండమ్మా" అన్నాను. ఆవిడ "అబ్బే, నాకెందుకండీ" అంది. అలాగే అంటుందని నాకు తెలుసు. బండి వచ్చింది, ఎక్కాను.

మాస్టారు మా స్కూల్లో లెక్కలు చెప్పేవారు. నేను తెలుగు చెప్పేదాన్ని, ఇప్పటికీ చెబుతున్నాను. తెనాల్లో ఇద్దరిదీ ఒకే వీధి. స్కూలు రేపల్లె లైన్లో ఉండటంతో పదకొండేళ్ళు ఒకే పాసింజరులో వెళ్ళి వచ్చాం. ఆయన పేరు రాయను. ఆయన చేత ముప్పై నాలుగున్నర మార్కులు వేయించుకుని పదో తరగతి మళ్ళీ రాసినవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆ మిగతా అర మార్కు సంగతి అడిగితే, "అర మార్కు పని చేసుంటే వేసుండేవాణ్ణి" అనేవారు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కోపమూ ఉండేది కాదు, జాలీ ఉండేది కాదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉండేది. రిటైరయ్యాక కూడా ఉండేది. ఏ వస్తువునైనా ముందు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూసేవారు. కొబ్బరికాయ అయినా అంతే, గోడ అయినా అంతే. మా స్కూలుకి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరుగారి భుజం మీద కూడా ఒకసారి అలాగే కొట్టారు. ఆయన దాన్ని అభినందన అనుకుని థాంక్స్ చెప్పాడు.

మార్కులు వేయకుండా ఆయన ఏదీ తినలేదు, ఏదీ కొనలేదు. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా ఉప్మా తెస్తే, ఉప్పుకి రెండు, వేడికి ఒకటిన్నర, జీడిపప్పుకి సున్నా అని విడివిడిగా చెప్పేవారు. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి, అక్షింతలు వేసి, భోంచేసి, చెయ్యి కడుక్కునే చోట నా పక్కకి వచ్చి నెమ్మదిగా "అరవై ఎనిమిది" అన్నారు. అంతకుముందు వారం మా హెడ్మాస్టరుగారింటి పెళ్ళికి నలభై ఏడు పడ్డాయని నాకు తెలుసు. ఆ రోజంతా నేను కొంచెం పొగరుగానే తిరిగాను.

"బాగుంది అంటే అది అభిప్రాయం అమ్మాయ్," అనేవారు రైల్లో. "అభిప్రాయం ఎవడైనా చెబుతాడు. ఎక్కడ బాగుంది, ఎంత బాగుంది, ఎందుకు బాగుంది, అది చెప్పు. అది వాల్యుయేషన్." తెలుగు టీచర్లం అభిప్రాయాల మీద బతుకుతామని ఆయన గట్టి నమ్మకం.

మా వీధిలో ఎవరు ఏది కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఫ్రిజ్జులు, బీరువాలు, మంచాలు. షాపులవాళ్ళు ఆయన్ని దూరం నుంచే గుర్తుపట్టి, పాత సరుకు లోపల పెట్టించేవారు. ఒక్క పిన్నిగారి వంటకి మాత్రం ఆయన మార్కులు వేయలేదు. పిన్నిగారంటే ఆయన భార్య. ఎందుకు వేయరని అడిగితే, "ఇంటి పేపర్లు దిద్దకూడదు. రూలు ఒప్పుకోదు" అన్నారు. అది నిజమే. పదో తరగతి పేపర్లు దిద్దడానికి మేం బాపట్ల వెళ్ళినప్పుడు మా స్కూలు కట్టలు మాకివ్వరు. ఆ రూలు ఆయన వంటింటి దాకా పట్టుకొచ్చారు, అంతే.

పిన్నిగారు మా వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేవారు. ఒకసారి కొలతలు తీసుకున్నాక మళ్ళీ టేపు పట్టేవారు కాదు. గుమ్మంలోంచి లోపలికి వచ్చేలోపే మనిషి లావయ్యిందో చిక్కిందో చూసుకుని, కుట్టు ఆ మేరకి వదిలేవారు, మనకి మాట రానివ్వకుండా. నాకు ఇరవయ్యేళ్ళు అలా కుట్టారు. మాస్టారు ఆరడుగుల మనిషి. పిన్నిగారు సరిగ్గా నా ఎత్తు, అంటే అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఇద్దరూ పక్కపక్కన నడిచి వెళుతుంటే ఆవిడ ఆయన మోచేతి దగ్గర ఎక్కడో ఉండేవారు.

మాస్టారు రిటైరైన ఏడాదికి పిన్నిగారికి నడుం నొప్పి పట్టుకుంది. మిషన్ మీద వంగి వంగి వెన్నుపూసలు అరిగాయన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ అక్కర్లేదు, కానీ నడుంకి రోజూ మర్దనా జరగాలి, లేకపోతే మిషన్ మానేయాలి అన్నారు. పిన్నిగారు అరగంట కుడితే గంట పడుకోవాల్సి వచ్చేది. ఒక రోజు నేను వెళ్ళేసరికి మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. "ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానే," అన్నారు. "అది లేకపోతే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో తెలీట్లేదు, అంతే." ఆవిడ కళ్ళు తుడుచుకోవడం వరండాలో పేపర్ చదువుతున్న మాస్టారు చూశారు. చూసి పేజీ తిప్పారు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక ఠావు కాగితం మీద స్కేలుతో గీతలు గీస్తున్నారు. పైన "ఒళ్ళు పట్టే కుర్చీ: నూరు మార్కులు" అని రాసి ఉంది. మెడకి పది, భుజాలకి పది, నడుంకి ముప్పై, పిక్కలకి పది, పాదాలకి పది. చప్పుడు, గట్టిదనం, తలుపులోంచి పట్టడం, కరెంటు పోయినప్పుడు మనిషిని వదలడం అన్నీ వేరువేరుగా ఉన్నాయి. పిన్నిగారి కొలతల టేపు తీసుకుని గుమ్మం వెడల్పు కొలిచారు, ముందుగది కొలిచారు, స్విచ్ బోర్డు దాకా కొలిచారు. ఆ ఇంట్లో ఆ రోజు ఆయన కొలవనిది ఏదీ లేదనుకున్నాను. ఒకటి ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదట తెనాలిలోనే ఒక షాపుకి వెళ్ళాం. మగవాళ్ళ మధ్య ఒక్కతినీ ఉండలేనని పిన్నిగారు నన్నూ రమ్మన్నారు. మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపు. మాస్టారు చెప్పులు విప్పి, కళ్ళజోడు తీసి పిన్నిగారికి ఇచ్చి, కుర్చీని రెండుసార్లు కణుపుతో కొట్టి, ఎక్కి కూర్చున్నారు. కుర్చీ వెనక్కి వాలింది. పాదాలు తలకన్నా పైకి లేచాయి. చేతులనీ పిక్కలనీ గాలి సంచులు పట్టుకున్నాయి. ఆయన ముఖం మాత్రం పేపర్లు దిద్దేటప్పటి ముఖమే.

"అమ్మాయ్, రాసుకో," అన్నారు లోపల్నించి. "మెడ, ఏడు." కుర్చీ ఊపుకి ఆ ఏడు నాలుగు ముక్కలై వచ్చింది. ఏడే రాశాను.

షాపు యజమాని నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. "నొప్పి మేడంగారికి అన్నారు కదా సార్. ఆవిణ్ణి కూర్చోపెట్టండి ఒకసారి," అన్నాడు.

"ఆవిడ కూర్చోకూడదండి."

"అదేంటి సార్?"

"ఎవరికి కావాలో వాళ్ళే దిద్దితే గ్రేస్ మార్కులు పడతాయండి. నొప్పి ఉన్న మనిషికి ఏది తగిలినా హాయిగానే ఉంటుంది. మీ అబ్బాయి పేపరు మీ చేత దిద్దిస్తారా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "దిద్దించరు సార్," అన్నాడు.

పిన్నిగారు హమ్మయ్య అనుకున్నారు. అద్దాల అవతల బస్సు ఆగి ఉంది, బస్సు నిండా జనం. చీర కట్టుకుని కాళ్ళు పైకి పెట్టి, పరాయి మగవాళ్ళ ముందు వెనక్కి వాలడమా? "నేనైతే ఛస్తే కూర్చోనే," అన్నారు నా చెవిలో. "నేనూ అంతే పిన్నిగారూ," అన్నాను. ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది ఇప్పుడు.

"ఇక మెయిన్ ఆపండి," అన్నారు మాస్టారు.

"ఎందుకు సార్?"

"మా వీధిలో కరెంటు చెప్పి పోదండి."

మెయిన్ ఆపారు. షాపులో టీవీలూ ఫ్యాన్లూ అన్నీ ఆగిపోయాయి. కొనడానికి వచ్చినవాళ్ళు మా చుట్టూ చేరారు. గాలి సంచులు మాస్టారుని వదల్లేదు. కాళ్ళు పైన, తల కింద, ఆయన గడియారం చూసుకుందామంటే చెయ్యి లోపలుంది. "టైమెంతయింది?" అని నన్ను అడిగారు. ఆరు నిమిషాలకి గాలి దానంతటది దిగింది. "విడుదల, అయిదుకి రెండు," అన్నారు లేస్తూ. "ఆ రెండూ మనిషి స్పృహలో ఉన్నందుకు."

తర్వాత ఆదివారం బాపట్ల. అక్కడి షాపులో మూడు కుర్చీలు ఉన్నాయి. ఒకటి పాటలు కూడా పాడుతుందన్నారు. అడగని ప్రశ్నకి జవాబు రాసినట్టుందని ఆయన దానికి రెండు మార్కులు తగ్గించారు. రెండో కుర్చీలో ఆయన నిద్రపోయారు. లేపితే సిగ్గుపడలేదు, భయపడ్డారు. "దిద్దేవాడు నిద్రపోతే పేపరు చెల్లదమ్మాయ్," అని వేసిన మార్కులన్నీ కొట్టేసి, బయటికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ మొదట్నుంచి కూర్చున్నారు. పిన్నిగారూ నేనూ గోడ పక్కన నిలబడి ఆయన చెప్పులు చూస్తూ ఉన్నాం.

వాడుతున్నవాళ్ళని కూడా అడగాలని రేపల్లె వెళ్ళాం. అక్కడ ఒక రైసుమిల్లు యజమాని, మాస్టారి పాత శిష్యుడి తండ్రి, రెండేళ్ళ క్రితం అలాంటి కుర్చీయే కొన్నారు. మేం వెళ్ళేసరికి దాని మీద ఉతికిన బట్టలు ఆరబెట్టి ఉన్నాయి. "మొదటి నెల రోజూ కూర్చున్నామండి," అన్నారాయన బట్టలు తీస్తూ. ఆయన భార్య కాఫీ ఇచ్చి, "నాకైతే పడలేదండి. నడుం పట్టాల్సింది వీపు పడుతుంది, వీపు పట్టాల్సింది తల పడుతుంది," అంది. ఆవిడా నా ఎత్తే. మాస్టారు శ్రద్ధగా విన్నారు. తర్వాత కాగితం అంచున "అభిప్రాయం" అని రాసి దాని కింద గీత గీశారు.

అన్నీ కూడితే బాపట్లలో నిద్రపుచ్చిన కుర్చీకి ఎనభై మూడున్నర వచ్చాయి. నాకు తెలిసి ఆయన దేనికీ అన్ని మార్కులు వేయలేదు. మూడుసార్లు కూడి చూసుకుని, నా చేత కూడించి, కింద సంతకం పెట్టారు. ఆ సాయంత్రం ఆయన వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నారు. పరీక్ష తనే రాసి ప్యాసైనంత సంతోషంగా కనిపించారు.

కుర్చీ వచ్చింది. గుమ్మంలో పట్టలేదు. గుమ్మం ఆయన సరిగానే కొలిచారు, తలుపు రెక్క మందం మర్చిపోయారు. రెక్క ఊడదీసి లోపల పెట్టించారు. పిన్నిగారు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టి, దణ్ణం పెట్టుకుని ఎక్కారు. ముందుగదిలో పరాయివాళ్ళెవరూ లేరు, నేనూ మాస్టారే. ఇరవై నిమిషాలు అది ఆవిణ్ణి పిసికింది. ఆగాక మాస్టారు, "ఎలా ఉంది?" అన్నారు.

"బాగుందండి," అన్నారు పిన్నిగారు.

ఆయన తలూపారు. ఎక్కడ బాగుంది, ఎంత బాగుంది, ఎందుకు బాగుంది అని అడగలేదు. జన్మలో ఆయన ఒక అభిప్రాయాన్ని అలాగే ఒప్పుకోవడం నేను చూడటం అదొక్కసారే.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి పిన్నిగారు కుర్చీ ఎక్కేవారు. మాస్టారు వరండాలో పేపర్ చదువుకునేవారు. ఒక నెల అయింది, రెండు నెలలయ్యాయి. నేను కుట్టమని ఇచ్చిన జాకెట్టు గుడ్డ మడత విప్పకుండా తిరిగొచ్చింది. "ఈసారికి బయట కుట్టించుకోవే," అన్నారు. నడుం నొప్పి అలాగే ఉంది. కొత్తగా తలనొప్పి వచ్చింది. ముఖం పీక్కుపోయింది. నాకు ఒళ్ళు మండింది. కుర్చీ మంచిది, డాక్టరు మంచివాడు, మొగుడు మంచివాడు, మరి ఈవిడకి ఏమైనట్టు?

ఒక రోజు మాస్టారు బ్యాంకుకి వెళ్ళినప్పుడు వెళ్ళి గట్టిగా అడిగాను. ఆవిడ కుర్చీ చూపించారు. "నువ్వు కూర్చో ఒకసారి," అన్నారు.

కూర్చున్నాను. నా పాదాలు పాదాల గూట్లోకి అందలేదు, గాల్లో వేలాడుతున్నాయి. భుజాలు పట్టాల్సిన సంచులు నా చెవులకి రెండు పక్కలా ఉబ్బి, ఏమీ దొరక్క ఊరుకున్నాయి. వెనక నుంచి లేచిన చక్రాలు నా నడుం మొహం చూడలేదు. వీపు మధ్యలో మొదలై, మెడ ఎక్కి, పుర్రె వెనక రెండు వైపులా గుద్దడం మొదలుపెట్టాయి. మూడు నిమిషాలు ఉండగలిగాను.

"పిన్నిగారూ, రెండు నెలల్నించి దీంట్లో కూర్చుంటున్నారా?"

"మెల్లగా మాట్లాడు. ఆయన ఎన్ని ఊళ్ళు తిరిగారో నువ్వు చూశావుగా. తలకిందులుగా పడుకున్నారు నా కోసం. ఎనభై మూడున్నర వేశారు. నాకు బాగోలేదంటే ఆయన దిద్దింది తప్పని కదా. ఈ వయసులో ఆ మాట నా నోటితో అనాలా?"

"నడుమో?"

"మిషన్ ఇచ్చేస్తాను. ఏమైంది ఇప్పుడు."

ఆయనకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఒట్టు వేశాను. మర్నాడు పొద్దున్న పిన్నిగారు గుడికి వెళ్ళగానే వెళ్ళి మాస్టారికి చెప్పేశాను. ఇంతవరకూ దానికి నేను బాధపడలేదు.

ఆయన మొత్తం విన్నారు. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. స్విచ్ వేయలేదు. టేపు తెచ్చి నా భుజం నుంచి కుర్చీ భుజం దాకా కొలిచారు. నా మడమ నుంచి పాదాల గూడు దాకా కొలిచారు. కొలిచిన అంకెలు కాగితం మీద వేసి చాలాసేపు చూశారు. "రేపల్లెలో ఆవిడ చెప్పింది," అన్నారు. టేపు చుట్టేస్తూ, "నేను దిద్దింది నా నడుమమ్మాయ్. నా నడుం దిద్దుకుని ఆవిడకి మార్కులు వేశాను," అన్నారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఎనభై మూడున్నర మీద అడ్డంగా ఒక గీత గీశారు. గీతకి స్కేలు పెట్టలేదు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు, కానీ కదలలేకపోయాను.

పిన్నిగారు గుడి నుంచి ప్రసాదం పట్టుకుని వచ్చారు. నన్ను చూడగానే సంగతి అర్థమైపోయింది. మాస్టారు లేచారు. "ఇలా నిలబడు," అని టేపు పట్టుకున్నారు. వీధిలో ఆడవాళ్ళందరినీ కొలిచిన మనిషి పిన్నిగారు, ఆవిణ్ణి మాత్రం ఎవరూ కొలవలేదు. భుజం నుంచి నడుం, నడుం నుంచి మోకాలు. మడమ దగ్గరికి వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చున్నారు. పిన్నిగారు చటుక్కున వెనక్కి జరిగారు.

"అయ్యో, కాళ్ళు పట్టుకుంటారేంటండీ. పాపం నాకు."

"పట్టుకోలేదు. కొలుస్తున్నా. కదలకు."

వాడిన కుర్చీ వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు షాపువాళ్ళు. అంగలకుదురు నుంచి వడ్రంగిని పిలిపించి, పాదాల గూట్లో పెట్టడానికి చెక్క పెట్టె చేయించారు. పిన్నిగారే బూరుగు దూదితో గట్టి దిళ్ళు కుట్టారు, ఒకదాని మీద ఒకటి వేసి ఎత్తు పెంచుకుంటూ పోవడానికి. నాలుగింటికి మాస్టారు వరండాలో పేపర్ వదిలేసి, కుర్చీకి ఎదురుగా స్టూలు వేసుకుని, రిమోటు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. చక్రాలు లేవగానే ఆపి, "ఎక్కడ నొప్పి?" అన్నారు.

"బాగుందండి."

"బాగుందా లేదా అని అడగలేదు. ఎక్కడ అని అడిగాను."

పిన్నిగారు నా వైపు చూశారు. నేను కిటికీలోంచి వీధి చూశాను. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "అక్కడ కాదండి. కింద. ఎడం పక్క."

"ఎంత కింద?"

"బెత్తెడు."

ఆ ఇంట్లో పిన్నిగారు కాదు అనడం నేను వినడం అదే మొదలు. ఆవిడకి ఆ మాట అలవాటు కావడానికి వారం పట్టింది. తర్వాత ఆగలేదు. ఇంకో దిండు తీయమనేవారు, మళ్ళీ వేయమనేవారు, అది గుద్దుడు కాదు పొడవడమని తిట్టేవారు. మాస్టారు అన్నీ రాసుకునేవారు. మార్కులు వేయడానికి గీసిన గళ్ళు వదిలేసి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు మాటల్లో రాసేవారు. మూడు దిళ్ళూ ఒక మడత దుప్పటీ దగ్గర చక్రాలు నడుం చోటు పట్టుకున్నాయి.

పూర్తిగా తగ్గిందని చెప్పను. ఆవిడ కుట్టగలిగే అరగంట రెండు గంటలైంది. మిషన్ మీద దుప్పటి తీశారు. నా జాకెట్టు నాకొచ్చింది, కుట్టు అర అంగుళం వదిలి. నొప్పి తగ్గినా మాస్టారు నాలుగింటికి స్టూలు వేసుకోవడం మానలేదు. ఎక్కడ అని అడిగేవారు. ఆవిడ చెప్పేవారు, ఆ చెప్పడం నడుంతో మొదలై మోకాళ్ళ మీదుగా, అన్నగారింట్లో ఎప్పుడో పడ్డ మాట దాకా వెళ్ళేది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇవన్నీ ఎక్కడ దాచిందో తెలీదమ్మాయ్ అన్నారు నాతో ఒకసారి. కరెంటు లేని రోజు ఆయనే బొటనవేలితో నొక్కేవారు. ఆ రోజు మాత్రం పిన్నిగారు వీధి తలుపు వేయించేవారు.

మాస్టారు పోయిన ఏడాది శ్రావణంలో, టిఫిన్ తిని పేపర్ చదువుతూ పోయారు. పెద్దకర్మ నాడు బంధువులెవరో ఆ కుర్చీ గది నిండా ఉంది, అమ్మేయమన్నారు. పిన్నిగారు అమ్మనన్నారు. ఎందుకని అడిగినవాళ్ళకి, "నడుం నాది కదండీ" అన్నారు.

మొన్న ఆదివారం జాకెట్టు గుడ్డ ఇద్దామని వెళ్ళాను. నాలుగు కావస్తోంది. పిన్నిగారు కుర్చీలో దిళ్ళ మీద కూర్చుని ఉన్నారు. కుర్చీ నడవడం లేదు.

"కరెంటు లేదా పిన్నిగారూ?"

"ఉందే."

"నడుం ఎలా ఉంది?"

"బాగానే ఉంది. పొద్దున్నుంచి మూడు జాకెట్లు కుట్టాను."

"మరెందుకు ఎక్కారు?"

ఎదురుగా స్టూలు ఖాళీగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆవిడ ముందు ఆపుకోవాల్సిన అవసరమూ లేదు. గుడ్డ మిషన్ మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని, "ఎక్కడ నొప్పి పిన్నిగారూ?" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఒళ్ళంతా వెతుక్కుంటున్నట్టు కాసేపు అలాగే ఉన్నారు.

"ఎక్కడా లేదే అమ్మాయ్," అన్నారు. "ఇంకోసారి అడుగు."